ఫ్రంటెండ్ సాధనకు ప్రాజెక్టులు: ఎక్కడ వెతకాలి, ఏది ఎంచుకోవాలి

మీరు అడిగినది ఇది: చిత్తూరులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నారు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ వీడియో పాఠాలు చూసి నేర్చుకున్నారు. కాలిక్యులేటర్, టు-డూ లిస్ట్, ఒక సినిమా సైటుకు నకలు చేశారు. వీడియో ఆపేసి సొంతంగా ఏదైనా మొదలుపెడదామంటే చేయి ఆడటం లేదు. కాబట్టి సాధనకు పనికొచ్చే ప్రాజెక్టులు ఎక్కడ దొరుకుతాయో, రియాక్ట్ (పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఇప్పుడే మొదలుపెట్టాలో వద్దో చెప్పమన్నారు. తిరుపతిలో చాలా ఏళ్లుగా ఫ్రంటెండ్ పని, అంటే వెబ్ పేజీల్లో వాడేవారికి కనిపించే భాగం కట్టే పని చేస్తున్నవాడిని, కొత్తగా చేరాలనుకునేవారి పనిని చూసి అభిప్రాయం చెప్పే బాధ్యత కూడా ఉన్నవాడిని కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ప్రాజెక్టుల జాబితాలకు కరువేమీ లేదు. గూగుల్‌లో అడిగితే వందల కొద్దీ వస్తాయి. ఎంచుకోవడంలోనే తికమక. నేను చూసే కొలత ఒకటే. మీరు చేసిన పేజీ తప్పో ఒప్పో మీరు కాక ఇంకొకరు, అదీ ప్రోగ్రామింగ్ తెలియనివారు, ఒక్క చూపులో చెప్పగలగాలి. సినిమా సైటు నకలులో ఆ అవకాశం లేదు. అందులో పోస్టర్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి, పేర్లన్నీ పొట్టిగా ఉంటాయి, సమాచారం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మీరు ఎంచుకున్న సమాచారానికి మీరు రాసిన సీఎస్‌ఎస్ సరిపోవడంలో ఆశ్చర్యమేముంది? రెండు వరుసల పేరు వచ్చినప్పుడు, బొమ్మ రానప్పుడు, జాబితా ఖాళీగా ఉన్నప్పుడు, నెట్ మధ్యలో పోయినప్పుడు పేజీ ఏం చేయాలన్నదే ఫ్రంటెండ్‌లో అసలు పని, ఆ పనిని అలాంటి నకలు మీచేత చేయించదు.

తయారుగా దొరికేవాటిలో కొన్ని నిజంగా మంచివి ఉన్నాయి. ఫ్రంటెండ్ మెంటర్ అనే సైటులో డిజైన్ బొమ్మ ఇచ్చి దాన్ని కట్టమంటారు. డిజైన్ రాదని భయపడేవారికి లేఅవుట్ చేయి తిరగడానికి ఇది బాగుంటుంది. ఫ్రీకోడ్‌క్యాంప్‌లో ఒక్కో ప్రాజెక్టుకు పేజీలో ఏమేమి ఉండాలో షరతులుగా రాసి, వాటిని పరీక్షించే ఏర్పాటు కూడా ఉంటుంది. సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్‌ను డేవ్ షే 2003లో మొదలుపెట్టాడు. అందులో హెచ్‌టీఎంఎల్‌ను ముట్టుకోకుండా సీఎస్‌ఎస్ ఒక్కటే మార్చి పేజీ రూపం మొత్తం మార్చాలి. పాతదే అయినా, ప్రతి చిన్న మార్పుకూ ఒక కొత్త డివ్ (హెచ్‌టీఎంఎల్‌లో ఏ అర్థమూ లేని పెట్టె) చుట్టే అలవాటు ఉన్నవారికి ఇంతకు మించిన మందు లేదు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువగా సిఫారసు చేసేది సెవెన్ గూయీస్ (7GUIs) అనే సాధన పనుల జాబితా. అందులో ఏడు చిన్న పనులు: కౌంటర్, ఉష్ణోగ్రత మార్పిడి, విమాన టికెట్ ఫారం, టైమర్, పేర్ల జాబితాలో చేర్చడం-మార్చడం-తొలగించడం, వృత్తాలు గీసి వెనక్కి తీసుకోవడం, చివరగా ఒక చిన్న స్ప్రెడ్‌షీట్. మొదటిది అరగంట పని, చివరిది వారాల పని. మూడవదైన టికెట్ ఫారం చూడటానికి ఏమీ లేనట్టు ఉంటుంది: ఒకవైపు ప్రయాణమా, రానుపోనా అని ఒక ఎంపిక, రెండు తేదీ పెట్టెలు, ఒక బటన్. రానుపోను ఎంచుకుంటేనే రెండో పెట్టె తెరుచుకోవాలి, తిరుగు తేదీ బయలుదేరే తేదీకన్నా ముందు ఉంటే బటన్ పనిచేయకూడదు, తేదీ సరిగా లేకపోతే ఆ పెట్టె ఎర్రబడాలి. ఈ నియమాలన్నీ ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఇఫ్-ఎల్స్‌లు ఎలా అల్లుకుపోతాయో అనుభవించినవారికే రియాక్ట్ వంటివి ఎందుకు పుట్టాయో తెలుస్తుంది.

ఇక మీ ఊళ్లోనే దొరికే ప్రాజెక్టుల సంగతి. నా సలహాలో ముఖ్యభాగం ఇదే కనుక ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది, మీ స్టాపులో బస్సుల వేళల పేజీ. చిత్తూరు నుంచి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతి వెళ్లే బస్సులనే తీసుకోండి. మీ స్టాపుకు అవి వచ్చే వేళలను ఒక కాగితం మీద రాసుకొని, అక్కడి టీ అంగడి ఆయనకు చూపించి సరిచేయించుకోండి. ఆయనకన్నా నమ్మకమైన పరీక్షకుడు దొరకడు. పేజీ చెప్పవలసింది ఒక్కటే: తరువాతి బస్సు ఇంకా ఎంతసేపటికి? జాబితా నుంచి ఇప్పటి సమయంకన్నా పెద్దదైన మొదటి సమయాన్ని తీసి, తేడా చూపిస్తే చాలు కదా అనిపిస్తుంది. రాత్రి 11:50కి తెరిచి చూడండి. ఆ రోజుకు బస్సులు అయిపోయాయి, మీ కోడ్‌కు ఏదీ దొరకదు, తెరమీద అన్‌డిఫైన్డ్ (విలువ లేదు) అనో నాన్ (అంకె కాదు) అనో కనిపిస్తుంది. వేళలను అర్ధరాత్రి నుంచి నిమిషాలుగా దాచుకుంటే దారి సులువవుతుంది. 11:50 అంటే 1430, తెల్లవారి 4:15 బస్సు అంటే 255. 255 లోంచి 1430 తీసేసి, 1440 కలిపి, 1440తో భాగించి శేషం తీసుకుంటే 265 వస్తుంది, అంటే 4 గంటల 25 నిమిషాలు. అదే సూత్రాన్ని ప్రతి బస్సుకూ వేసి అతి చిన్న ఫలితాన్ని తీసుకుంటే పగటిపూట కూడా పనిచేస్తుంది కాబట్టి ప్రత్యేక షరతు రాయవలసిన పని ఉండదు. అయితే ఆదివారం రాని బస్సు ఒకటి జాబితాలో ఉంటే శనివారం రాత్రి ఈ సూత్రం అబద్ధం చెబుతుంది. దాన్ని ఎలా సరిచేయాలో మీకే వదిలేస్తున్నాను.

ఇదే పేజీలో ఇంకో మెలిక ఉంది. చాలామంది సెట్‌ఇంటర్వెల్ అనే టైమరు పెట్టి నిమిషానికి ఒకటి చొప్పున అంకె తగ్గిస్తారు. ఫోన్ జేబులో పెట్టుకొని పావుగంట తరువాత తీస్తే ఆ అంకె తప్పుగా ఉంటుంది, ఎందుకంటే వెనక్కి వెళ్లిన ట్యాబులో టైమర్లను బ్రౌజరు నెమ్మదింపజేస్తుంది లేదా ఆపేస్తుంది. తగ్గిస్తూ పోవడం మానేసి, ప్రతిసారీ అసలు గడియారాన్ని చూసి కొత్తగా లెక్కించాలి. పేజీ మళ్లీ కంటికి ఎదురైన క్షణాన వచ్చే విజిబిలిటీచేంజ్ ఈవెంటులో కూడా ఒకసారి లెక్కించాలి. వేళల జాబితాను డివ్‌లతో కాక నిజమైన టేబుల్‌తో, తలవరుసలతో కట్టండి. దాన్ని 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌లో అడ్డంగా జారకుండా కూర్చోబెట్టడం దానికదే ఒక సాయంత్రం పని.

పేజీని తెలుగులో పెట్టమని కూడా గట్టిగా చెబుతాను. పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాలతో చెప్పినవే కనుక మనకు ఎదురయ్యే చిక్కులు వాటిలో కనిపించవు. శ్రీకాళహస్తి అనే పేరునే చూడండి. మన కంటికి అవి ఐదు అక్షరాలు. జావాస్క్రిప్ట్‌లో ఆ మాట పొడవు అడిగితే 12 అంటుంది, ఎందుకంటే వత్తునూ గుణింతాన్నీ యూనికోడ్ విడివిడిగా లెక్కిస్తుంది. స్థలం చాలదని మాటను కత్తిరించే స్లైస్‌తో మొదటి పదింటినే ఉంచారనుకోండి, తెరమీద శ్రీకాళహస్ అని పొల్లుతో తెగిపోయిన పేరు మిగులుతుంది. ఇలాంటి కత్తిరింపులను సీఎస్‌ఎస్‌కు వదిలేయడమో, జావాస్క్రిప్ట్‌లోని ఇంటల్ సెగ్మెంటర్‌తో అక్షరాల సరిహద్దులు తెలుసుకోవడమో చేయాలి. తరువాతి చిక్కు ఎత్తు. మన జనం నోట ఆ ఊరు కాళాస్త్రి. అందులోని స్త్రి కింద రెండు వత్తులు ఉన్నాయి. బటన్‌కు ఎత్తు ఇన్ని పిక్సెళ్లని బిగించి, దాటినదాన్ని దాచేస్తే, ఆ వత్తులు సగానికి తెగుతాయి. ఎత్తు బిగించకుండా ప్యాడింగ్ ఇవ్వండి, లైన్-హైట్‌ను 1.6 దగ్గర మొదలుపెట్టి ఫాంటును బట్టి సర్దుకోండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే పేజీని మూడింటితో వేసి చూస్తే ఒక్కో ఫాంటు ఎంత ఎత్తు అడుగుతుందో తెలిసిపోతుంది. హెచ్‌టీఎంఎల్‌లో భాషను తెలిపే లాంగ్ గుణానికి తెలుగు అని ఇవ్వడం మరవకండి. పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఏ భాష గొంతు వాడాలో దాన్నిబట్టే నిర్ణయించుకుంటుంది.

వెతికే పెట్టె కూడా పెడితే ఇంకా మంచిది. ఒకరు శ్రీకాళహస్తి అని, ఒకరు కాళహస్తి అని, ఒకరు కాళాస్త్రి అని, మరొకరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. నలుగురికీ ఒకే ఊరు దొరకాలి.

రెండవ ప్రాజెక్టు మీ జిల్లాకే సొంతమైనది: మామిడి ర్యాంపు (కాయ కొనే చోటు) దగ్గర తూకం చీటీ. మీ ఇంట్లోనో చుట్టాల్లోనో తోతాపురి తోట ఉన్నవారు ఎవరో ఒకరు ఉంటారు. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, తరుగు, ధర వేస్తే రావలసిన మొత్తం చూపించే పేజీ అది. 2025 సీజన్‌లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానిపై ప్రభుత్వం మరో 4 రూపాయలు ఇస్తుందని ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అటువంటప్పుడు ధర అనే ఒక్క పెట్టె చాలదు. నిండు బండి 7,480 కిలోలు, ఖాళీ బండి 2,960 కిలోలు అనుకుందాం. తరుగు పక్కన పెడితే కాయ 4,520 కిలోలు. ఫ్యాక్టరీ నుంచి 36,160, ప్రభుత్వం నుంచి 18,080, మొత్తం 54,240 రూపాయలు. రెండు సొమ్ములు ఇచ్చేవారు వేరు, అందే రోజులు వేరు. రైతుకు కావలసింది ఏది వచ్చింది, ఏది రావాలి అన్నది. ఒక్క మొత్తం చూపించి ఊరుకున్న పేజీని ఆయన రెండోసారి తెరవడు. తెరమీద ఏం ఉండాలో నిర్ణయించేది సమాచారపు ఆకృతి అన్న సంగతి ఇలాంటి పనిలోనే ఒంటపడుతుంది.

ఈ చీటీలో సాంకేతికంగా నేర్చుకోవడానికి కూడా చాలా ఉంది. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది కనుక డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచి, చూపేటప్పుడే రూపాయలుగా మార్చాలి. అంకెలను ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కు భారతీయ లొకేల్‌తో ఇస్తే 108480ని 1,08,480గా మన పద్ధతిలోనే కామాలు పెట్టి ఇస్తుంది. కామాల కోసం సొంతంగా కోడ్ రాయకండి. ఇన్‌పుట్ రకాన్ని నంబర్ అని పెట్టి అందులో 7,480 అని కామాతో సహా అతికిస్తే విలువ ఖాళీగా రావచ్చు. మామూలు టెక్స్ట్ పెట్టె పెట్టి, ఇన్‌పుట్‌మోడ్‌తో అంకెల కీబోర్డు తెప్పించి, కామాలను మీరే తీసేయడం మేలు. ఖాళీ బండి బరువు నిండు బండికన్నా ఎక్కువగా వేసినప్పుడు అలర్ట్ పెట్టె ఎగరేయడం కాకుండా, ఆ పెట్టె కిందనే తప్పేమిటో తెలుగులో చెప్పండి, వేసిన అంకెలను చెరపకండి. తోటలో సిగ్నల్ ఉండదు కాబట్టి చీటీలు ఫోన్‌లోనే నిలవాలి. మొదట బ్రౌజరులోనే దాచే లోకల్‌స్టోరేజ్ చాలు, తరువాత నెట్ లేకుండానే పేజీ తెరుచుకోవడానికి సర్వీస్ వర్కర్ నేర్చుకోవచ్చు. ర్యాంపు దగ్గర జూన్ ఎండలో ఫోన్ చూస్తారని మరవకండి. మామూలు అక్షరాలకు రంగుల తేడా నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. తెల్లటి నేపథ్యంపై #767676 బూడిదరంగు ఆ గీతను అతికష్టం మీద దాటుతుంది, డిజైనర్లకు ప్రీతిపాత్రమైన #999999 మాత్రం 2.85 దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. తిరుపతి పిల్లలు ఎక్కువగా ఎంచుకునే ప్రాజెక్టు దర్శనం టికెట్ల సైటుకు నకలు. ఇంట్లో కంప్యూటరులో చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్ని దేవస్థానం గుర్తుతో, అదే రంగులతో, పేరూ ఫోన్ నంబరూ అడిగే ఫారంతో ఇంటర్నెట్‌లో పెడితే అది సాధన అనిపించుకోదు; నకిలీ వెబ్‌సైట్లను నమ్మవద్దని టీటీడీ పదేపదే భక్తులను హెచ్చరిస్తూనే ఉంది, మీ అభ్యాసం ఆ జాబితాలో చేరే ప్రమాదం ఉంది. గదుల బుకింగ్ ఫారం సాధన చేయాలనుకుంటే ఊహించిన ఒక లాడ్జి పేరు పెట్టుకోండి. బ్యాంకు లాగిన్ పేజీల నకళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మూడో రకం సాధనను చాలామంది పట్టించుకోరు: ఇతరులు రాసిన పేజీలో పనిచేయడం. ఉద్యోగంలో ఖాళీ ఫైలుతో మొదలుపెట్టే అదృష్టం అరుదు. ఎక్కువ కాలం ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్‌లోనే గడుస్తుంది. దీనికి తెలుగు వికీపీడియా మంచి చోటు. 2003 డిసెంబరు నుంచి ఉన్న ఆ సైటులో ఖాతా తెరిచినవారెవరైనా తమ వాడుకరి పేజీకి అనుబంధంగా కామన్ జేఎస్ అనే పేజీలో సొంత జావాస్క్రిప్ట్ రాసుకోవచ్చు. అది మీకు మాత్రమే పనిచేస్తుంది, ఇతరులకు ఇబ్బంది లేదు. వ్యాసంలో ఎన్ని విభాగాలకు మూలాలు లేవో లెక్కించి పైన చూపించే చిన్న స్క్రిప్టు రాయండి. ఆ హెచ్‌టీఎంఎల్ మీది కాదు, క్లాసుల పేర్లు మీవి కావు, పేజీ పేజీకీ నిర్మాణం కొద్దిగా మారుతుంది. పేజీలో భాగాలను వెతికి పట్టే మీ సెలెక్టర్లు ఎంత పెళుసుగా ఉన్నాయో ఒక్క గంటలో బయటపడుతుంది. తరువాత కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో, కొత్తవారికి తగినదని గుర్తుపెట్టే గుడ్ ఫస్ట్ ఇష్యూ అనే లేబుల్ ఉన్న సమస్యలు వెతకవచ్చు, అయితే మీరు స్వయంగా వాడే సాఫ్ట్‌వేర్‌లోనే వెతకండి. వాడనిదాంట్లో తప్పు ఎక్కడుందో అర్థమయ్యేసరికే ఆసక్తి చచ్చిపోతుంది.

రియాక్ట్ విషయం. ఫేస్‌బుక్ దాన్ని 2013లో బయటపెట్టింది. ఉద్యోగ ప్రకటనల్లో ఇప్పటికీ అడుగుతున్నారు కాబట్టి నేర్చుకోక తప్పదు. కానీ బస్సుల పేజీనో తూకం చీటీనో ముందు ఏ లైబ్రరీ లేకుండా పూర్తిచేయండి, ఆ తరువాత అదే పేజీని రియాక్ట్‌లో తిరగరాయండి. కొత్త ప్రాజెక్టుతో రియాక్ట్ మొదలుపెడితే ఏ చిక్కు ప్రాజెక్టుదో, ఏ చిక్కు రియాక్ట్‌దో విడదీయలేక సతమతమవుతారు. ఏఐ పరికరాల సంగతి కూడా ఇందులోనే చెబుతాను: కోడ్ మీరు రాసి, తప్పులు పట్టమని దాన్ని అడగండి. అది రాసి మీరు అతికిస్తే, ఇంటర్వ్యూలో ఈ వరుస ఎందుకు ఉంది అన్న మొదటి ప్రశ్నకే మాట తడబడుతుంది, ఆ తడబాటు అడిగేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

పూర్తయిందనుకున్న పేజీని ఇలా పరీక్షించండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ కీలతోనే మొత్తం నడపండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్ వేగాన్ని తగ్గించి తెరవండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ వేసి, కళ్లు మూసుకొని తరువాతి బస్సు ఎప్పుడో తెలుసుకోగలరేమో చూడండి. ఇది తేలిక కాదు, కానీ మీ హెచ్‌టీఎంఎల్ ఎంత అర్థవంతంగా ఉందో దీనంత నిక్కచ్చిగా ఏదీ చెప్పదు. చివరగా క్రోమ్‌లోనే ఉండే పేజీ పరీక్ష లైట్‌హౌస్ నడపండి. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించడం, లోడవుతున్నప్పుడు పేజీ కదలిక కొలత 0.1 దాటకపోవడం మంచి గుర్తులు. నొక్కిన దానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలన్నది మూడో కొలత. 2024 మార్చిలో గూగుల్ పాత కొలతను తీసేసి దీన్ని పెట్టింది, ఇది నిజమైన వాడకంలోనే తేలుతుంది. నూటికి నూరు తెచ్చుకోవాలన్న తాపత్రయం మాత్రం వద్దు. ఏ అంకె ఎందుకు తగ్గిందో చెప్పగలిగితే చాలు.

పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా ప్రచురించవచ్చు. అక్కడ కొత్తవారందరూ తట్టుకునే రాళ్లు రెండు. మీ ప్రాజెక్టు అక్కడ ఒక ఉపఫోల్డరు కింద నడుస్తుంది కనుక, ముందు స్లాష్‌తో మొదలయ్యే దారులు ఇచ్చిన బొమ్మలూ సీఎస్‌ఎస్ ఫైళ్లూ మీ కంప్యూటరులో కనిపించి అక్కడ మాయమవుతాయి. దారులను ఆ స్లాష్ లేకుండా ఇవ్వండి. విండోస్ ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు (క్యాపిటల్), చిన్న అక్షరాల తేడా చూడదు, ఆ సర్వరు చూస్తుంది. ఫైళ్లన్నిటికీ మొదటినుంచీ చిన్న అక్షరాల పేర్లే పెట్టండి. లింకు సిద్ధమయ్యాక ఇక్కడే పెట్టండి, రాత్రి 11:50కి తెరిచి చూసి ఏమనిపించిందో రాస్తాను.